రెండు కార్ల పెద్దమ్మ

కారెక్కే ముందు ఆమె చెప్పులు విప్పేది. భక్తితో చేసే పని కాదు అది. విప్పిన చెప్పుల్ని కాలితో సీటు కిందికి తోసి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి బొడ్లో దోపుకుని, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు ముక్కు మీదికి తెచ్చుకుని, అప్పుడు తాళం చెవి తిప్పేది. ఎందుకలాగని ఒకసారి అడిగాను.

"క్లచ్చి ఎంత దిగిందో అరికాలికి తెలియాల అమ్మాయ్. చెప్పుకు తెలిస్తే మనకేం లాభం?" అంది.

గురజాలలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆమె. నేను అక్కడి బడిలో టీచరుగా చేరినప్పుడు వాళ్ళ మేడ మీది వాటాలో దిగాం. మొదట్లో ఆంటీ అని పిలిచేదాన్ని. కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు మెట్ల కింద నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "ఆంటీ ఏందే, ఆంటీ? నాకు సొంత పిల్ల పిలిచినట్టు ఉండొద్దా? పెద్దమ్మా అని పిలిస్తే పిలువు, లేదంటే వాటా ఖాళీ చెయ్" అని తేల్చేసింది. అప్పటినుంచి ఆమె పెద్దమ్మ. వాళ్ళాయన పెదనాన్న.

కిందటి నెల ఆమె పోయింది. నేను బదిలీ మీద నూజెండ్ల వచ్చేసి కొన్నేళ్ళయింది. కబురు ఫోనులో వాళ్ళమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి ఒంగోలులో ఉంటుంది. ఫోను పెట్టేశాక నాకు పెద్దమ్మ ముఖం కంటే ముందు ఆ పాదాలే గుర్తొచ్చాయి. అరిగిన మెట్టెలు, పగిలిన మడమలు, పెడల్ మీద కదిలీ కదలనట్టు ఉండే వేళ్ళు.

ఆ ఇంట్లో రెండు కార్లుండేవి. గేటు దాటగానే కుడిపక్క రేకుల షెడ్డులో పెదనాన్న అంబాసిడర్. తెల్లది, డీజిల్ది. ఎడమపక్క, గడ్డివాము దాటాక, పెద్దమ్మ పద్మిని. ఎప్పుడో లేత ఆకుపచ్చ రంగుండేదట. నేను చూసేనాటికి ఎండకు వెలిసి, ఏ రంగని అడిగితే చెప్పలేని రంగులోకి వచ్చింది. నేను ఆ ఇంట్లో దిగేసరికే ఆ రెండు రకాల కార్లూ రోడ్ల మీద కనపడటం మానేశాయి. ఊళ్ళో మిరప వ్యాపారులు, డాక్టర్లు కొత్త కార్లు మార్చి మార్చి కొంటున్నారు. వీళ్ళిద్దరూ మాత్రం ఈ రెంటిలో ఏది మంచిదనే మాట దగ్గర ఆగిపోయి ఉన్నారు.

పెదనాన్న ఒకప్పుడు సర్పంచి. పదవి పోయినా ఎలక్షన్లొస్తే ఆయన వసారాలో పది కుర్చీలు వేయాల్సిందే. అంబాసిడర్ ఆ రోజుల్లో కొన్నది. పద్మిని పెద్దమ్మ అన్నగారిది. ఆయన అమ్మేస్తానంటే, "ఎవురికో ఎందుకు, నాకియ్యి" అని తెచ్చుకుని, మిరపకాయలు ఎత్తేసిన కల్లంలో తనే నేర్చుకుందట. నేర్చుకునే రోజుల్లోనే, ముందు మీ ఆయన బండి మీదే నేర్చుకోవచ్చు గదా అని ఎవరో ఆమెతో అంటే, పెదనాన్న నవ్వి, "అది ఆడవాళ్ళు తోలే బండి కాదులే" అన్నాడట. ఆ మాట పెద్దమ్మ చెవిన పడింది. "ఇంక నీ దున్నపోతు మీద నా చెయ్యి పడితే ఒట్టు" అంది. అప్పటినుంచి అంబాసిడర్‌కి ఆమె పెట్టిన పేరు దున్నపోతు. ఆయన పద్మినిని అగ్గిపెట్టె అనేవాడు.

పొద్దున్నే కాఫీలప్పుడు మేడమీదికి వాళ్ళ మాటలు వినపడేవి. 

"నీ అగ్గిపెట్టెలో నలుగురెక్కితే మూలుగుద్ది."

"నీ దాంట్లో తొమ్మిది మంది ఎక్కుతారు. దిగినాక ఒక్కడన్నా నీకు ఓటేశాడా?"

"గుంటలో పడితే నా బండిలో టీ గ్లాసు తొణకదు, తెలుసా?"

"పక్కకు తిరగటం చాతగాదు గాబట్టి గుంటలో పడుద్ది. నాది గుంట పక్కనించి పోద్ది."

"చడీచప్పుడూ లేకుండా పోయేదీ ఒక బండేనా? వస్తన్నామని నలుగురికి తెలియొద్దూ?"

"నువ్వు స్టార్టు చేస్తే మూడు బజార్లు లేస్తన్నయ్. చానా తెలుస్తంది."

ఎవరికీ కోపం వచ్చేది కాదు. కాఫీ అయిపోతే మాటా అయిపోయేది. ఆయన పొలం వెళ్ళేవాడు. ఆమె గేదెల దగ్గరికి వెళ్ళేది. మర్నాడు మళ్ళీ అక్కడే మొదలు.

ఆమె తోలే తీరు చెప్పాలి. వేగం ఉండేది కాదు, ఆగటమూ ఉండేది కాదు. ఎదురొచ్చే లారీలన్నిటితో మాట్లాడేది. సున్నపురాయి లారీ ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు మీదికొస్తుంటే పక్కకు తప్పుకుని, "పోరా నాయనా పో, ముహూర్తం దాటిపోతంది నీకు" అనేది. బైకు మీద ముగ్గురు కుర్రాళ్ళు అడ్డంగా దూరితే అద్దం దించి, "ఒరేయ్, మీ అమ్మ ఇంటికాడ అన్నం పెట్టుకుని కూచోనుంది, గుర్తుందా?" అనేది. వాళ్ళు సిగ్గుపడి నెమ్మదించేవాళ్ళు. ఎవరింటి పిల్లలో ఆమెకు తెలియదు. తెలిసినట్టు అనేది.

ఒకసారి పదో తరగతి పరీక్షకు వెళ్తున్న మా బడి ఆడపిల్లల ఆటో ఊరి చివర చెడిపోయింది. నాకు ఫోనొస్తే మెట్లు దిగి పరిగెత్తాను. పెద్దమ్మ పేడచేతులతో ఉంది. సంగతి వినగానే తొట్టిలో చేతులు ముంచి తీసి, చీరకు తుడుచుకుంటూ కారెక్కింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నలుగురు పిల్లల్ని వెనక ఎక్కించుకుని, సందులన్నీ అడ్డంగా పడి, బస్సులు తిరగలేని చోట్లన్నీ తిరిగి, గంట కొట్టే లోపల పరీక్ష జరిగే బడి గేటు ముందు దింపింది. పిల్లలు లోపలికి పరిగెత్తాక నా వైపు తిరిగి, "ఆ దున్నపోతయితే ఇంకా మొదటి సందులోనే ఇరుక్కుని ఉండేది. ఈ మాట మీ పెదనాన్నతో చెప్పు. నేను చెప్తే నమ్మడు" అంది. చెప్పాను. ఆయన తలూపి, "అదే అయిదో పిల్ల ఉంటే ఏం చేసేదో అడుగు" అన్నాడు.

పెళ్ళిళ్ళకు ఇద్దరూ రెండు కార్లలో వెళ్ళేవాళ్ళు. ఇది ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతే. ఆయన కారులో ఆయన మనుషులు, ఆమె కారులో ఆడవాళ్ళు. మాచర్లలో ఒక పెళ్ళికి నేనూ ఆమె కారులో వెళ్ళాను. ఎండాకాలం. రెంటచింతల దాటేసరికి రోడ్డు మీద గాలి కూడా నిప్పులా ఉంది. పద్మిని రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళు గోల పెట్టారు. పెద్దమ్మ మాత్రం కంగారు పడలేదు. దిగి, బానెట్ ఎత్తి, సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద కప్పి, వచ్చి మా పక్కన నిలబడి పట్టుచీర చెంగుతో విసురుకుంది.

"దానికీ మనకు మల్లే దాహమైంది. కాసేపాగితే అదే వచ్చిద్ది" అంది.

అప్పుడే వెనకనుంచి హారన్ మోగింది. అంబాసిడర్. పెదనాన్న ముందు సీట్లో నుంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ, ఆపకుండా వెళ్ళిపోయాడు. లోపల ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. పెద్దమ్మ ఆ కారు కనపడనంత దూరం పోయేదాకా చూసి, "పోనీ. పెళ్ళింటి సందు చూడలేదు పాపం" అంది.

ఆమె అన్నట్టే అయింది. మేము వెళ్ళేసరికి అంబాసిడర్ మెయిన్ రోడ్డు మీదే ఉంది. సందు మొదట్లో మలుపు తిరగలేక దాన్నక్కడే వదిలేసి, పెదనాన్న మనుషులు ఎండలో నడిచి వెళ్తున్నారు. పెద్దమ్మ వాళ్ళ పక్కనుంచి కారు పోనిచ్చి, హారన్ కొట్టలేదు సరిగదా, అటు చూడనైనా లేదు. పందిరి గుంజ పక్కన కారాపి, చెప్పులు వేసుకుని, ఎంతో పెద్దరికంగా దిగింది. భోజనాల దగ్గర పెదనాన్న ఎదురు వరసలో కూర్చుని ముఖం తుడుచుకుంటుంటే, "ఏమయ్యా, దారిలో ఎండ బాగా తగిలినట్టుందే?" అని అడిగింది. పంక్తంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఇలాగే జరిగిపోయేదేమో. ఒక చలికాలం పొద్దున పెదనాన్న పొలంలో మోటారు దగ్గర పాకుడు మీద జారి పడ్డాడు. ఎడమ తుంటి విరిగింది. నరసరావుపేట ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. పెద్దమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంటికి పంపిస్తారన్న రోజుకు ముందు ఊరొచ్చి, ఇల్లు సర్దించి, మర్నాడు ఆదివారం కావడంతో నన్ను తోడు రమ్మంది. పొద్దున్నే పద్మినిలో బయలుదేరాం. వెనక సీటు మీద మెత్త వేసింది. దాని మీద దుప్పటి మడతపెట్టి వేసింది. దారిలో లారీలతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆస్పత్రి మెట్ల దగ్గర కారాపింది. పెదనాన్నను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆయనకు నడక నేర్పించే ఫిజియోథెరపీ అబ్బాయి కూడా వచ్చాడు. కుర్రవాడు, మాట మెత్తన. పద్మిని చుట్టూ తిరిగి, తలుపు తీసి సీటు మీద చెయ్యి పెట్టి చూసి, పెద్దమ్మ వైపు తిరిగాడు.

"ఇందులో వద్దమ్మా. సీటు బాగా కిందికుంది. కూర్చుంటే మోకాలు నడుం కంటే పైకొస్తుంది. కొత్తగా పెట్టిన తుంటి పక్కకు జారే ప్రమాదం ఉంది. కొన్నాళ్ళు ఎత్తు సీటే ఉండాలి. తలుపు కూడా వెడల్పుగా ఉండాలి. అలాంటి బండేదీ లేదా?"

పెద్దమ్మ కారు తలుపు మూసేసింది. పెదనాన్న ఇంకో రోజయితే ఎన్ని మాటలనేవాడో నాకు తెలుసు. ఆ రోజు ఆస్పత్రి గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. చివరకు ఆయనే, "ఏదన్నా వ్యాను మాట్టాడవే. ఇక్కడే దొరుకుతయ్" అన్నాడు.

"సొంత బండి ఇంట్లో పెట్టుకుని వ్యాన్లో వస్తావా? ఊళ్ళోకి?" అంది పెద్దమ్మ.

"మరి తోలేదెవురు?"

ఆమె చెయ్యి చాచింది. ఏం అడుగుతోందో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది. అంబాసిడర్ తాళం చెవి ఎప్పుడూ ఆయన బనీను జేబులోనే ఉండేది. ఆస్పత్రిలో కూడా దిండు కింద పెట్టుకున్నాడట. కాసేపు ఆమె అరచేయి చూశాడు. తర్వాత తీసి అందులో పెట్టాడు.

"హీటరు పెట్టినాక ఇంజను వేడెక్కేదాకా కాసేపాగి తిప్పు. తొందరపడమాక."

"తెలుసు."

"నిలబడ్డ బండి స్టీరింగు తిప్పమాక. చేతులు పోతయ్. కదిలినాక తిప్పు."

"తెలుసు."

"ఎట్టా తెలుసే నీకు?"

"ఇన్నేళ్ళు పక్క సీట్లో కూచుని నిద్రపోయాననుకున్నావా?" అంది. అని, వెనక్కి తిరిగి కారెక్కింది.

ఆయన్ను మళ్ళీ లోపలికి పంపించి, ఇద్దరమూ గురజాల తిరిగి వచ్చాం. అంబాసిడర్ తలుపు తీసి, చెప్పులు విప్పి సీటు కిందికి తోసింది. ఎక్కి కూర్చుంటే ఆమె కాళ్ళు అందలేదు. పెదనాన్న పొడగరి. లోపలికి వెళ్ళి బొంత తెచ్చి వీపు వెనక పెట్టుకుంది. హీటరు పెట్టి ఆగి తిప్పింది. పెద్ద చప్పుడుతో స్టార్టయింది. గేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలి, వెనక రెక్క గేటు స్తంభానికి రాసుకుంది. గీత పడిన చప్పుడు ఇద్దరమూ విన్నాం. ఆమె దిగి చూడలేదు.

"వచ్చినాక చూసుకుంటాడు. ఆయనకూ ఏదో ఒక పనుండాలిగా" అంది.

ఊరు దాటేదాకా నేను ముందు అద్దం కింద రేకు పట్టుకునే కూర్చున్నాను. క్లచ్చి తొక్కిన ప్రతిసారీ ఆమె ఒళ్ళంతా సీట్లోంచి ముందుకు జరిగేది. గేరు రాడ్ ఆమె అనుకున్నంతకంటే దూరం పోవాలి. మొదట్లో అది మధ్యలోనే దొరక్క తడుముకుంది. స్టీరింగ్ తిప్పేటప్పుడు ముంజేతుల మీద నరాలు లేచాయి. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుంది. "అబ్బా, ఏం బరువే దీనికి" అంటూనే ఉంది. జానపాడు దాటాక చెయ్యి కుదిరింది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొచ్చాయి. పద్మినిలో అయితే ఆ గాలికి మేము పక్కకు ఊగేవాళ్ళం. అంబాసిడర్ కదలలేదు. రోడ్డు గతుకుల్లోనూ లోపల మేము కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాం.

ఆమె నా వైపు చూడకుండానే, "నిలబడుద్దే బండి" అంది. ఇంకాస్త దూరం పోయాక, "ఈ మాట మాత్రం ఆయనకు చెప్పమాక" అంది.

ఆస్పత్రి దగ్గర ఫిజియోథెరపీ అబ్బాయి సీటు చూసి సంతోషించాడు. ముందు ఎలా కూర్చోవాలో, తర్వాత రెండు కాళ్ళూ ఒక్కసారి ఎలా లోపలికి తిప్పాలో చేసి చూపించాడు. పెదనాన్న వెనక సీట్లో వీపు ఆనించి, కాలు చాపుకుని కూర్చున్నాడు. కారు కదిలీ కదలకముందే మొదలుపెట్టాడు.

"సెకండుకు మార్చు... ఇప్పుడు మూడు... బ్రేకు ముందునించే తొక్కాల, ఇది నీ బండిలాగా అక్కడికక్కడ ఆగదు..."

పెద్దమ్మ రోడ్డు పక్కన బండి ఆపింది. వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, నేను తోలాల్నా, నువ్వు దిగి తోలతావా?"

ఆయన నోరు మూసుకున్నాడు. కొంత దూరం పోయాక వెనకనుంచి ఏ చప్పుడూ రావడం లేదని నేను తిరిగి చూశాను. ఆయన నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. వేరేవాళ్ళు తోలుతుంటే ఆయన కునుకు తీయడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అల్లుడి కొత్త కారులో తిరుపతి పోయి వచ్చినప్పుడు కూడా రాత్రంతా మేలుకుని కూర్చున్నాడట.

"పడుకున్నాడు పెద్దమ్మా" అన్నాను.

ఆమె అద్దంలో చూసింది. అక్కడినుంచి గురజాల దాకా బండిని ఎంత మెల్లగా తోలిందంటే, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి. చీకటి పడకముందే చేరాల్సిన వాళ్ళం దీపాలు పెట్టాక చేరాం.

ఆ తర్వాత నెలల తరబడి డ్రెస్సింగులకీ, చూపించుకోవడానికీ ఆయన్ను పేట ఆస్పత్రికి తిప్పింది ఆమే, అంబాసిడర్లోనే. చేతులు గట్టిపడ్డాయి. గేటు దగ్గర మళ్ళీ ఎప్పుడూ రాసుకోలేదు. పెదనాన్న కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, ఇంక సీటు ఎత్తు పట్టింపు లేదని డాక్టర్లు చెప్పాక, ఒకరోజు షెడ్డులోకి వెళ్ళి తన కారెక్కాడు. నేను మేడమీద బట్టలారేస్తూ చూశాను. క్లచ్చి మీద ఎడమ కాలు పెట్టాడు. నొక్కాడు. ముఖం ముడుచుకుపోయింది. మళ్ళీ నొక్కాడు. పెడల్ సగం దిగి, వెనక్కి వచ్చేసింది. కాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుని దిగిపోయాడు. ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదని పెద్దమ్మ చెప్పింది. ఎందుకో నేను చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. వంటింటి కిటికీలోంచి ఆమెకూ షెడ్డు కనపడుతుంది.

మర్నాడు పద్మిని తాళం చెవి ఎప్పుడూ ఉండే చోటు నుంచి వసారాలో ఆయన పడకకుర్చీ పక్కనున్న మేకుకు మారింది. నాలుగైదు రోజులు అక్కడే వేలాడింది. ఒక పొద్దున గడ్డివాము వెనకనుంచి పద్మిని స్టార్టయిన చప్పుడు వినపడింది. పెద్దమ్మ పాలు పిండుతోంది. తల తిప్పలేదు. పెదనాన్న సీటు మీద దిండు వేసుకుని, కర్ర పక్కన పెట్టుకుని, పెరట్లో ముందుకీ వెనక్కీ కారు నడిపాడు. దిగాక, ఎవరూ అడగకుండానే, "బ్యాటరీ దిగిపోద్దని తిప్పా" అన్నాడు.

"మంచిపని చేశావ్. రోజూ తిప్పు" అంది పెద్దమ్మ.

అలా కార్లు మారిపోయాయి. పద్మిని క్లచ్చి తేలిక. ఆయన కాలికి అది సరిపోయింది. ఇంటికీ పొలానికీ ఆయన దాన్లోనే తిరిగాడు. ఆమెకేమో అంబాసిడర్లో పాలక్యాన్లు, దాణా బస్తాలు, ఇంటికొచ్చిపోయే చుట్టాలు అందరూ పట్టారు. ఒంగోలు నుంచి కూతురు ఫోను చేసి, రెంటినీ అమ్మేసి గేర్లు మార్చే పని లేని చిన్న కారు కొనుక్కోమని పోరు పెట్టేది. "గేరు మార్చే పని గూడా లేకపోతే మీ నాన్నా నేనూ దారిలో ఏం మాట్టాడుకుంటామే?" అని ఈమె ఫోను పెట్టేసేది.

కాఫీల దగ్గర గొడవ మాత్రం ఆగలేదు. ఎవరి కారును వాళ్ళు వెనకేసుకురావడం పోయి, ఇప్పుడు ఎవరు తోలేదాన్ని వాళ్ళే తిట్టుకునేవాళ్ళు. "నడుం విరగ్గొడతంది నీ అగ్గిపెట్టె" అని ఆయన, "భుజాలు లాగేస్తంది నీ దున్నపోతు" అని ఆమె. తిరిగి మార్చుకుందామని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.

పెద్దకర్మ రోజు నేను గురజాల వెళ్ళాను. భోజనాలయ్యాక, చుట్టాలంతా సర్దుకుంటుండగా, నేను బస్సుకు బయలుదేరాను. పెదనాన్న కర్ర పట్టుకుని లేచాడు. "బస్టాండు దాకా నేను దింపుతా పద" అన్నాడు. అల్లుడు వద్దన్నాడు. ఆయన వినలేదు. పద్మినిలో ఎక్కాం.

బస్టాండు ఎంతో దూరం లేదు. బస్సు రావడానికి ఇంకా టైముంది. కారు ఆపి, ఇంజను కట్టేసి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. ఆయనే చెప్పాడు.

"ఆ రోజు మధ్యాన్నం మీ పెద్దమ్మ అన్నం తిని చెయ్యి కడుక్కుంటా గుండె పట్టేసిందంది. ఇక్కడ డాక్టరు చూసి, మాత్ర నాలిక కింద పెట్టి, వెంటనే పేటకు తీసకపొమ్మన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆగబుద్ధి కాలా. ఈ బండే బయట ఉంది. ఎక్కించుకుని పోనిచ్చా. దారి పొడుగునా నన్ను తిడతానే ఉంది అమ్మాయ్. హారనెందుకు, అంత తొందరేంది, గేరు మార్చేది అట్టానా అని. నాకు ధైర్యంగా ఉంది, తిడతంది గదా అని. పిడుగురాళ్ళ దాటినాక తిట్టటం ఆపేసింది. చూస్తే తల పక్కకు వాలి ఉంది. అప్పుడు భయమేసింది నాకు."

ఆయన స్టీరింగ్ మీద పేరుకున్న దుమ్మును బొటనవేలితో తుడిచాడు.

"ఏం చెయ్యాల్నో తోచలా. గట్టిగా అన్నా, 'చూడవే, నా అంబాసిడరయితే ఈపాటికి పేటలో ఉండేవాళ్ళం, ఏం బండే నీది' అని. కళ్ళు తెరిచింది. 'అదయితే నువ్వింకా మన గేటు కాడ క్లచ్చి తొక్కతానే ఉండేవోడివి' అంది. ఇంక నేను ఆపలా. సీటు బాగా లేదన్నా. అద్దం దిగట్లేదన్నా. బ్రేకులు పట్టట్లేదన్నా. నోటికొచ్చిన వంకలన్నీ పెట్టా. ఒక్కోదానికి జవాబు చెప్తా వచ్చింది. కొన్నిటికి ఊ అంది. ఆస్పత్రి దాకా అట్టానే పోయాం."

"తర్వాత పెదనాన్నా?"

"లోపలికి తీసకపోయారు. సాయంత్రం నన్ను చూడనిచ్చారు. మూతికి ఆక్సిజను మాస్కు ఉంది. అది కొంచెం పక్కకు జరిపి, 'కారు నీడలో పెట్టావా?' అనింది. పెట్టానన్నా. ఎక్కడమ్మా పెట్టింది, గేటుకు అడ్డంగా తలుపులు బార్లా తీసి వదిలేసొచ్చా. ఎండంతా దాని మీదే ఉంది. పెట్టానన్నాక మనసొప్పలా. కిందికి దిగి పోయా. వాచ్‌మన్ నా మీద అరిచాడు. దాన్ని తీసి, వెనక గోడ పక్కన నీడ చూసి పెట్టి, అద్దాలు ఎక్కించి, మళ్ళీ పైకొచ్చా."

మాచర్ల నుంచి వచ్చే బస్సు మలుపు తిరిగింది. ఆయన చూడలేదు.

"వచ్చి చెవి కాడ చెప్పా, నీడలోనే ఉందిలేవే అని. అప్పటికి నిద్రపోయింది."